తెల్లకాగితం కింద

“ఆ తెల్లకాగితం పీకు,” అన్నాడు క్లైవ్, వేదిక ఎక్కి వచ్చి మరీ.

నెవిల్ అప్పుడే ఆగిన రికార్డును తీసి గుండెకు అదుముకున్నాడు. “ఎందుకు పీకాలి? పాట పేరు కనిపెట్టి రేపట్నుంచి నువ్వూ వేసుకుందామనా?”

“పేరెవడిక్కావాలిరా! మూడేళ్ళుగా నువ్వు వేస్తుంటే వింటున్నా. ఇవాళ దాని మోతే వేరుగా ఉంది. అది నకలు.”

నకలు అన్న మాట చెవిన పడగానే హాలంతా ఆగిపోయింది. కాళ్ళు జారడానికి టాల్కం పౌడర్ చల్లిన చెక్కనేల మీద అప్పటిదాకా గిరగిరా తిరిగినవాళ్ళు చెమట తుడుచుకుంటూ వేదిక చుట్టూ మూగారు. ఇంగ్లండులోని బర్న్‌లీలో ఆదివారం మధ్యాహ్నం పాత అమెరికా పాటల నార్తర్న్ సోల్ డాన్సంటేనే తిరునాళ్ళు. అందులో తగువు కూడా దొరికితే ఇక చెప్పాలా!

ఇక్కడ డీజే అన్నవాడు అమెరికాలో ఎవరూ కొనక ఏ గోడౌన్‌లోనో మూలపడ్డ పాత పాటల్లోంచి ఇంకెవరి దగ్గరా లేనిది సంపాదించాలి. సంపాదించాక పోటీవాడు వెతికి పట్టుకోకుండా లేబుల్ మీద కాగితం అంటించి దొంగపేరు రాసుకోవాలి. దొంగపేరు తప్పు కాదు. అసలుదాన్ని చూసి దొంగచాటుగా అచ్చేసిన దొంగ రికార్డు మాత్రం మహాపాపం. నకలు వేసి దొరికినవాణ్ణి మళ్ళీ వేదిక మెట్టు కూడా తొక్కనివ్వరు.

క్లైవ్ సరిగ్గానే పట్టేశాడు, అనుకున్నాడు నెవిల్. ఆ ఏడు, డెబ్భై ఆరులో, ఇంగ్లండు ఎన్నడూ ఎరగని ఎండలు. పొద్దున కారు వెనకద్దం దగ్గర పెట్టి మరిచిపోయిన అసలు రికార్డు గంటలో అప్పడంలా వంకర్లు పోయింది. వేరే దారి లేక దాని మీది కాగితం ఊడబెరికి, భార్య గ్లెనిస్ వంటింట్లో వింటుందని సంతలో ముప్పై పెన్నీలకు కొనిచ్చిన నకలుకు అంటించుకొచ్చాడు. ఏ అచ్చో తెలియడానికి లేబుల్ పక్కన గీకి ఉండే అంకెలు ఈ రెండు రికార్డుల మీదా ఒకటి కావు. అవి కూడా కనబడకుండా కాగితం కాస్త వెడల్పుగానే అంటించాడు. వారమంతా బస్సుల కింద పడుకుని నట్లు బిగించే మనిషికి ఆదివారం ఈ గంటే బతుకు. అది కాస్తా పోయేట్టుంది.

“హోరేస్ గారిని పిలవండి!” అని ఎవరో అరిచారు.

హాలు నడిపేది హోరేస్. నకళ్ళు వేయకూడదన్న రూలు పెట్టిందీ ఆయనే. రికార్డు చేతికిస్తే అది ఏ ఊళ్ళో, ఏ అచ్చులో పుట్టిందో జాతకం చెబుతాడు. టీ కప్పుతో, ముందు పొట్ట, వెనక తాను అన్నట్టు నింపాదిగా వచ్చాడు.

“ఏంట్రా గోల? టీ కూడా తాగనివ్వరా?”

“నెవిల్ నకలు వేశాడండీ,” అన్నాడు క్లైవ్.

“వేశావా?”

నెవిల్ రికార్డును ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. వేదిక కింద నుంచి గ్లెనిస్ గుసగుసగా అంది: “ఇచ్చెయ్ నెవిల్. దాచిన కొద్దీ అనుమానం ఎక్కువవుతుంది.”

ఇచ్చేశాడు. పాట పేరు ఎవరికంటా పడకుండా హోరేస్ అందరికీ వీపు తిప్పి నిలబడ్డాడు. బొటనవేలి గోటితో కాగితం అంచు లేపి, రికార్డును దీపం కింద అటూ ఇటూ వంచి చూశాడు. తలెత్తి నెవిల్‌ను చూశాడు. మళ్ళీ రికార్డును చూశాడు. నెవిల్ కళ్ళు మూసుకున్నాడు. పరువు పోయింది, ఆదివారాలూ పోయాయి అనుకున్నాడు.

“అసలుదే,” అన్నాడు హోరేస్. “క్లైవ్, ముందు చెవులు కడుక్కో. తర్వాత అతనికి సారీ చెప్పు.”

హాలు చప్పట్లతో మోగిపోయింది. క్లైవ్ సారీ అని గొణిగి దిగిపోయాడు. నెవిల్ రికార్డుల పెట్టె మీద కూలబడ్డాడు. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. గ్లెనిస్ అందరి ముందే అతని బుగ్గ మీద ముద్దు పెట్టేసింది.

తన వంతు పాటలు అయిపోగానే నెవిల్ హోరేస్‌ను వెతుక్కుంటూ పెరటి వైపు వెళ్ళాడు. కార్ల దగ్గర ఆయన ఒక్కడే ఉన్నాడు.

“మీ మేలు జన్మలో మరిచిపోలేను. అంతమందిలో నాకోసం అబద్ధమాడారు. అది సంతలో కొన్న నకలండీ. అసలుది పొద్దున ఎండకి వంగిపోయింది.”

హోరేస్ చేతిలోని కప్పు కారు మీద పెట్టేశాడు. “వంగిపోయిందా? ఇప్పుడెక్కడుంది?”

“కార్లోనే. పారెయ్యడానికి చేతులు రాలేదు.”

“ఏదీ, చూపించు.”

నెవిల్ తీసిచ్చాడు. హోరేస్ దాని మీది అంకెలు ఓసారి చూశాడు. చుట్టూ ఎవరైనా ఉన్నారేమోనని కూడా చూశాడు. మోకాలి మీద పెట్టి ఫట్‌మని విరిచాడు. రెండు ముక్కల్ని నాలుగు చేసి చెత్తడబ్బాలో పడేశాడు.

“అయ్యో, అయ్యో! ఏంటండీ ఇది!” నెవిల్ డబ్బా మీదకు ఉరికాడు. “బంగారంలాంటి నా స్కూటరు మీ చేతిలో పెట్టి తీసుకున్న రికార్డు కదండీ!”

హోరేస్ చేతులు దులుపుకుని, గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

“హమ్మయ్య! మూడేళ్ళ తర్వాత ఇవాళ నాకు నిద్రపడుతుంది. లోపల నేను అబద్ధం ఆడలేదు నాయనా, నువ్వు సంతలో కొన్నదే అసలుది. నీ స్కూటరు పుచ్చుకుని నేనిచ్చిందే నకలు!”