అతకని ఎముక

"నా బూట్లు ఎక్కడ దాచావు?"

నజ్లా చేతికర్రతో వంటింటి గడపను టకటకా కొట్టింది. పొయ్యి ముందున్న మిలాద్ వెనక్కి తిరగకుండానే పప్పు చారు కలుపుతున్నాడు.

"అటక మీదున్నాయి. ఇప్పుడు వాటితో నీకేం పని?"

"ఆదివారం జుమానా వాళ్ల నడక జట్టు బయల్దేరుతోంది. దేశం ఆ కొస నుంచి ఈ కొస దాకా, నెల రోజుల నడక. పదమూడేళ్లుగా ఒక్క వసంతం మానలేదు నేను. ఇప్పుడూ మానను."

"డాక్టరు మాట అప్పుడే మర్చిపోయావా? పాదంలో ఎముక అతకలేదన్నాడు. బరువు పడితే మళ్లీ విరుగుతుందట. అప్పుడు కొండల సంగతి దేవుడెరుగు, సందు చివర రొట్టెల కొట్టుకి కూడా పోలేవు."

"అయిదు నెలలు దాటింది మిలాద్! ఈ తన్నూరీన్‌లో గాడిద కాలు విరిగినా మూడు నెలల్లో కొండెక్కుతుంది."

"గాడిద చెప్పిన మాట వింటుంది."

నజ్లా నవ్వలేదు. అక్టోబరులో జుమానా వాళ్లతో కొండల్లో నడుస్తూ పాదం విరగ్గొట్టుకున్నప్పటి నుంచి ఆమె డాక్టరు చెప్పిన మాట వింటూనే ఉంది. అరికాలి కింద గాజుసీసా దొర్లించింది. నేల మీద పరిచిన తువ్వాలును కాలివేళ్లతో లాగింది. గోడ పట్టుకుని మడమలు ఎత్తుతూ దించుతూ రోజుకు రెండు వందలు లెక్కపెట్టింది. నొప్పి ఎప్పుడో పోయింది. కానీ ఫిబ్రవరిలో ఎక్స్‌రే తీయించుకున్న వారానికి మంచు దారి మూసేసింది. ఫలితం తెలుసుకోవడానికి మిలాద్ ఒక్కడే ఎలాగో కిందికి దిగాడు. మొహం వేలాడేసుకుని తిరిగొచ్చి, అతకలేదన్నాడు. ఆ రోజు నుంచీ వంటా తనే, అంట్లూ తనే. సాయంత్రమైతే ఆలివ్ నూనె వెచ్చచేసి ఆమె పాదం ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు.

మర్నాడు మిలాద్ ఆపిల్ తోటకి వెళ్లగానే నజ్లా షేర్ టాక్సీ ఎక్కి, కొండ కింద బత్రూన్ పట్నంలో ఉన్న డాక్టరు దగ్గరికి వెళ్లింది.

డాక్టరు పాదాన్ని అటూ ఇటూ తిప్పాడు, వేళ్లతో నొక్కాడు, పాత ఫిల్మును దీపానికి పెట్టి చూశాడు. చివరికి ఆమె చేతికర్ర వైపు చూశాడు.

"ఇదెందుకమ్మా మోస్తున్నారు?"

"ఎముక అతకలేదు కదా డాక్టరు గారూ."

"ఎవరన్నారు? ఫిబ్రవరికే గట్టిగా అతుక్కుంది. మీవారిని ఇదిగో, ఈ కుర్చీలో కూర్చోబెట్టి చెప్పాను. కొండలెక్కమనండి, పెళ్లిళ్లలో అందరితో కలిసి దబ్కె నాట్యం ఆడమనండి అన్నాను. పాపం, ఆయన సంతోషం పట్టలేక నా చెయ్యి పట్టుకుని ఎంతసేపటికీ వదల్లేదు."

నజ్లా కర్రను అక్కడే వదిలేసి వచ్చేసింది.

ఆమె ఇల్లు చేరేసరికి మిలాద్ పంపు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. చొక్కా నిండా కొమ్మల పొట్టు. కర్ర లేకుండా మెట్లెక్కి వస్తున్న భార్యను చూసి పంపు కట్టేశాడు.

"నీకు తెలుసు," అంది నజ్లా.

"తెలుసు."

"ఎందుకు చేశావిలా?"

అతను తడిచేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. "పదమూడు వసంతాలు ఒంటరిగా అన్నం తిన్నాను నజ్లా. ఈ ఒక్కసారికి నువ్వు ఇంట్లో ఉంటే బాగుండుననిపించింది."

"అందుకని నన్ను కుంటిదాన్ని చేశావా? ఇక నడవలేనేమోనని నేను కుళ్లి కుళ్లి ఏడుస్తుంటే, ఎదురుగా కూర్చుని నూనె రాశావా? నువ్వసలు మనిషివేనా?"

"తిట్టు. నీకెంత తోస్తే అంత తిట్టు. ఆదివారం మాత్రం వెళ్లకు."

"వెళ్తాను. తిరిగొచ్చి నీ గడప తొక్కను. అబద్ధాలకోరుతో ఒక కప్పు కింద బతకడం నా వల్ల కాదు."

నజ్లా నిచ్చెన లాగి అటకకు ఆనించి ఎక్కింది. కింద నిచ్చెన కదలకుండా మిలాద్ రెండు చేతులా పట్టుకున్నాడు. బూట్లు చంకన పెట్టుకుని దిగిన ఆమె అతని వైపు చూడకుండా పక్కనుంచి వెళ్లిపోయింది.

జుమానా ఇల్లు ఊరికి పైకొసన ఉంది. అరగంట ఎక్కుడు. పాదం ఎక్కడా కలుక్కుమనలేదు. ఆ సంతోషానికి మొగుడి మీద కోపం రెట్టింపైంది.

జుమానా అరుగు మీద ప్రయాణపు సంచులు పరిచి ఎండు అంజూరాల పొట్లాలు సర్దుతోంది. నజ్లా నిలబడే అంతా కక్కేసింది. డాక్టరు మాట, మొగుడి నాటకం, తన ఏడు వారాల ఏడుపు.

"నడక మానిపించడానికి ఎముకనే అడ్డం పెట్టాడు చూడు! సరే, పోనీ. ఆదివారం నేనూ వస్తున్నా. నా పేరు రాసుకో."

జుమానా చేతిలో పొట్లాన్ని కట్టింది, విప్పింది, మళ్లీ కట్టింది.

"కూర్చో నజ్లా."

"కూర్చుని కూర్చునే అయిదు నెలలు పోయాయి. చెప్పు."

"అక్టోబరులో పాదం విరిగిన సంగతి నువ్వు మూడు రోజులు మాకు చెప్పలేదు. వెనక్కి పంపేస్తామని. నాలుగోనాడు ఆ జోరువానలో ఆరుగురం ఏడు గంటలు నిన్ను మోసి దించాం. మాలో ఫారెస్‌కి నడుము నొప్పి ఈరోజుకీ తగ్గలేదు." జుమానా తలెత్తలేదు. "జనవరిలో అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. నీతో ఇక నడవలేమని తేల్చుకున్నాం. ఒక్కరంటే ఒక్కరు కూడా కాదనలేదు, నేను కూడా. నీకు చెప్పే ధైర్యం లేక మిలాద్‌ని చెప్పమన్నాం."

నజ్లా మెల్లగా అరుగు అంచున కూర్చుంది.

"నాకతను చెప్పలేదే."

"చెప్పనన్నాడు. 'కాలు పోయిందంటే ఓర్చుకుంటుంది, మీరు వదిలేశారంటే ఓర్చుకోలేదు. ఎముక అతకలేదని నేను చెప్తాను, ఆ తిట్లేవో నేనే పడతాను' అన్నాడు."