ఒక్క ‘వద్దు’

బూగన్‌విల్ దీవి విడి దేశం కావాలా, వద్దా అని జనాన్ని అడిగారు. అక్కడి ఓ కొండ ఊరి పెట్టెలో అన్నీ ‘కావాలి’ ఓట్లే. ఒక్కటి మాత్రం ‘వద్దు’.

సంబరం ఆగిపోయింది. వెదురు బాకాలు పక్కన పడేసి కుర్రాళ్లు ముసలి మొరోకి ఇంటి మీదికి వెళ్లారు.

“ఇంకెవడేస్తాడు? యుద్ధంలో సర్కారు సైనికులకు వండిపెట్టింది ఈ ముసలాడే కదా!”

“తలకి తుపాకీ పెడితే వండాన్రా. ఓటు మాత్రం ‘కావాలి’కే వేశాను. నా మనవల మీద ఒట్టు!”

ఎవరూ నమ్మలేదు. అతని కోకో గింజల్ని ఎండబెట్టే కొట్టంలోకి రానివ్వలేదు. వక్క అడిగితే మొహం తిప్పుకున్నారు.

ఆదివారం పూజ అయ్యాక చర్చి ముందే పంచాయితీ పెట్టారు. ఊరికి పెద్దదిక్కు అగతా. ఆమె కసియాన్ మాస్టారి వైపు తిరిగింది.

“మీరే చెప్పండి మాస్టారూ. మనం వేరే జాతి అని పుస్తకం రాసి, మాకు కళ్లు తెరిపించింది మీరు. ఆ మాట పట్టుకునే కదా నా కొడుకులిద్దరూ సర్కారు మీద యుద్ధానికి అడవిలోకి పోయింది.”

వాళ్లు తిరిగి రాలేదు. మాస్టారి క్లాసులో మొదటి బెంచీ వాళ్లది. ఇన్నేళ్లలో మాస్టారు ఒక్కసారీ అగతా కళ్లలోకి సూటిగా చూడలేదు. ఇప్పుడూ నేలచూపులే.

“వదిలెయ్యండమ్మా,” అన్నారు చివరికి. “పెద్దవాడు. ఏదో భయంతో వేసుంటాడు. క్షమించేద్దాం.”

“అదీ మాస్టారి మనసంటే!” అన్నారెవరో. చప్పట్లు మోగాయి. మొరోకి మాత్రం ఆయన్నే చూస్తూ నిలబడిపోయాడు.

మధ్యాహ్నం మాస్టారు తినకుండానే లేచారు. కాల్చిన చిలగడదుంపలు అరిటాకులో చుట్టుకుని, వాగు దాటి, మొరోకి గుడిసెకి వెళ్లారు.

ముసలాయన గబుక్కున లేచాడు.

“రండి బాబూ. అప్పట్నుంచీ అదే ఆలోచిస్తున్నాను. మీరంతటివారు ఊరికే అనరు. నాకా, చూపు సరిగ్గా ఆనదు. తప్పు గడిలో గీత పెట్టేశానేమో. నేనే అయ్యుంటాను బాబూ. తప్పైపోయింది.”

‘వద్దు’ దగ్గర గీత గీసింది నువ్వు కాదు, నేనని చెప్పడానికే అంత దూరం వచ్చిన మాస్టారు, “పర్లేదులే బాబాయ్” అని అతని భుజం తట్టారు.