ఎత్తని చెయ్యి

"చచ్చినా వెనక్కి తియ్యను!" అన్నాడు నైజెల్, స్టీరింగ్ మీద గుద్దుతూ.

ఎదురుగా మట్టికొట్టుకుపోయిన ఆకుపచ్చ జీపు ఆగి ఉంది. ఇంగ్లండులోని డెవన్ పల్లెల్లో దారులన్నీ ఇంతే. రెండు పక్కలా నిలువెత్తు కంచెపొదలు, మధ్యలో ఒక్క బండి పట్టేంత సందు. జూలై ఎండకి కారు లోపల పెనంలా ఉంది.

"తప్పుకునే చోటు మన వెనకే ఉంది. ఇందాక దాటొచ్చాం," అంది పక్క సీట్లో ఉన్న అతని భార్య గ్వెన్. "దగ్గరున్నవాళ్లే వెనక్కెళ్లాలి. ఈ మాత్రం ఇక్కడి పసిపిల్లలకి కూడా తెలుసు."

"నువ్వు నా పక్షమా, వాళ్ల పక్షమా?"

"నిన్న చర్చి ముందు కారు పెట్టొద్దన్నాడని పాస్టరుగారితో పోట్లాడావు. పొద్దున టోస్టు మాడిందని, పాపం, బస ఇచ్చినావిడని ఏడిపించావు. సెలవు కదా, హాయిగా ఊళ్లు చూద్దామని బయల్దేరితే నాలుగు రోజులూ నీ కేకలకే సరిపోయాయి. చెప్తున్నా విను. ఇంకొక్కళ్లతో గొడవ పెట్టుకున్నావంటే నీ దారి నీది, నా దారి నాది. ఇరవై ఆరేళ్లు చాలు నాకు."

"అబ్బో, బెదిరింపులు కూడానా!" అన్నాడు గాని, గేరు మార్చాడు. "దిగి వెనక చూడు మరి. కారుకి గీత పడిందో, నీదే పూచీ."

గ్వెన్ హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని దిగింది.

"కారు వెనక్కి తియ్యడానికి హ్యాండ్‌బ్యాగెందుకు? షికారుకెళ్తున్నావా?"

ఆవిడ తలుపు మూసేసింది. కారు వెనక నిలబడి, తనూ వెనక్కి వెనక్కి నడుస్తూ చేతులూపడం మొదలుపెట్టింది. రెండొందల గజాలు. కారు ఆవిడని పొదల్లోకి నెడుతోంది. పొదల నిండా దురదగొండి.

"ఎడమకి కొట్టు! ఎడమకి!"

"ఏ ఎడమ? నీదా, నాదా? సరిగ్గా చెప్పడం కూడా చేతకాదా?"

"అమ్మా! చేతులంతా కుట్టేసింది నైజెల్, ఒక్క నిమిషం ఆగు!"

"ముందు కారు సంగతి చూడు!"

ఎట్టకేలకి ఒక పొలం గేటు ముందున్న ఖాళీలోకి కారు దూరింది. గ్వెన్ కిటికీ దగ్గరికొచ్చి అతని మొహంలోకి చూస్తూ కాసేపు నిలబడింది. అతను మెడ బయటికి చాపి తలుపు మీద గీతలు వెతుక్కుంటున్నాడు. ఆవిడ చేతులు రుద్దుకుంటూ, పొద చాటున రోడ్డు మీదికి నడిచిపోయింది.

అప్పుడు కదిలింది జీపు. నెరిసిన జుట్టు ముసలావిడ నడుపుతోంది. వెనక సీట్లో రెండు కుక్కలు. నైజెల్ కారు ముక్కు ముందు నుంచే తాపీగా వెళ్లిపోయింది. చెయ్యెత్తలేదు. కనీసం ఒక వేలైనా ఎత్తలేదు!

ఈ దేశంలో దొంగనైనా క్షమిస్తారు గాని, దారి ఇస్తే థాంక్స్‌గా చెయ్యెత్తనివాళ్లని క్షమించరు. నైజెల్ సంగతి ఇక చెప్పాలా! నెత్తురంతా మొహంలోకి పొంగింది.

"ఎంత పొగరు! నేనేమన్నా దాని పాలేరునా?" అని ఒక్కడే కారులో అరిచాడు. ఆవేశంలో ఇంజను రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి అందుకోగానే కారుని జీపు వెళ్లినవైపే ఉరికించాడు. గ్వెన్ ఎక్కడుందో చూడనైనా లేదు. ఏ గట్టు మీదో మూతి ముడుచుకు కూర్చునుంటుంది, పావుగంట ఆగితే కొంపేం మునగదు అనుకున్నాడు.

ఆరు మైళ్లు తరిమాడు. హారను మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు. దారిలో సైకిలు తొక్కుకుంటూ వెళ్తున్న పెద్దాయన ప్రాణభయంతో పొదలో పడ్డాడు. జీపు మాత్రం ఆగలేదు, అందలేదు. ఊరి మొదట్లో రైలు గేటు దాటేసింది. వెనకాలే ఎర్రదీపాలు వెలిగి, గేటు సరిగ్గా నైజెల్ ముక్కు మీద పడింది.

"దీని దుంపతెగ!"

పట్టాలకి అవతల స్టేషను ముందు జీపు అర నిమిషం ఆగింది. అటువైపు తలుపు తెరుచుకుని మూసుకుంది. తిరిగి వచ్చి గేటుకి అటుపక్క నిలబడింది. స్టేషన్లోకి రైలొచ్చి ఆగింది. నైజెల్ కారు దిగి, గేటు పట్టుకుని ఊగిపోతూ కేకేశాడు.

"ఏవమ్మా! రెండొందల గజాలు వెనక్కెళ్లి దారిచ్చాను. చెయ్యెత్తితే అరిగిపోతుందా? ఒక్క థాంక్స్ చెప్పడానికి నోరు రాదా? మనుషులేనా మీరు?"

ముసలావిడ అద్దం దించి అతన్ని ఎగాదిగా చూసింది.

"నిజమే, ఎత్తలేదు. తప్పే. నా రెండు కళ్లూ ఆ రోడ్డు మీద ఏడుస్తూ నిలబడ్డ మనిషి మీదున్నాయి. ఆ రెండొందల గజాలూ మీ కారుని వెనక్కి తెచ్చింది ఆవిడే కదా. మరి మీరు చెప్పారా థాంక్స్?"

"ఎవరికి?" అన్నాడు నైజెల్.

అంతలో స్టేషన్లోంచి కదిలిన రైలు ఇద్దరి మధ్యకీ వచ్చేసింది. ఆగి దారిచ్చిన నైజెల్‌కి, మూడో పెట్టె కిటికీలో ఒక చెయ్యి మర్యాదగా పైకి లేచింది. మోచేతి దాకా దురదగొండి దద్దుర్లు.