గ్రహణం మచ్చ

“దీనికి లేజరు పనికిరాదమ్మా,” అంటూ డాక్టరు పావని చెంప మీంచి చెయ్యి తీసేశాడు.

సీతామహాలక్ష్మికి ఒళ్ళు మండింది. విశాఖపట్నం నుంచి చర్మం డాక్టరు అరకు వస్తున్నాడని, పుట్టుమచ్చలు చూసి లేజరుకి రాసిస్తాడని విని, కిరాణా కొట్టు మొగుడికి వదిలేసి పొద్దున్న ఆరింటికే వచ్చి స్కూలు వరండాలో లైను కట్టింది. అత్త రాజులమ్మ వద్దంటున్నా వినలేదు; ఆవిడా వెంటే వచ్చింది. ముందు వెళ్ళిన ముగ్గురికీ చీటీలు రాసిచ్చి, తన కూతురి దగ్గరికొచ్చేసరికి కాదంటాడేమిటి?

“మా ముందెల్లిన గుంటడికి రాసినారు కదండీ. ఆడికి మెడంతా ఉంది. దీనికి చెంప మీద ఇంతే కదా.”

“ఎంత ఉందని కాదమ్మా, ఏ రకం అన్నది చూడాలి. రక్తనాళాల వల్ల వచ్చే ఎర్ర మచ్చకి ఒక లేజరు, నల్ల మచ్చకి ఇంకో లేజరు. ఆరేడుసార్లు చేస్తే చాలావరకు పలచబడతాయి. దీనికి ఆ రెండూ పనిచెయ్యవు.”

“ఎన్నిసార్లయినా తీసుకొస్తానండీ. బళ్ళో దీన్ని పేరెట్టి పిలిచినోళ్ళు లేరు. మచ్చమొకం అంటారు. ఆకుపసర్లు రాసేను, ఆయింటుమెంట్లు రాసేను. ఇంకేటి చెయ్యమంటారు?”

డాక్టరు కళ్ళజోడు తీశాడు. “ఇది పుట్టుమచ్చ కాదు. కాలిన మచ్చ. ప్లాస్టిక్ సర్జరీ చేసేవాళ్ళకి చూపించాలి.”

“కాదండీ, పుట్టినకాణ్ణించీ ఉంది. గ్రహణం మచ్చ ఇది. నేను కడుపుతో ఉండగా, సూర్యగ్రహణం పూట మా అత్త నన్ను నీళ్ళకి పంపింది. తప్పు తనదేనని ఆవిడే ఒప్పుకుంది.”

“పుట్టగానే మీరు కళ్ళారా చూశారా?”

సీతామహాలక్ష్మి చూడలేదు. కాన్పయ్యాక వారం రోజులు జ్వరంతో ఆమెకు ఒళ్ళు తెలియలేదు. తెలివొచ్చి చూసేసరికి పాప చెంపకి పసుపు పట్టించి ఉంది. మచ్చ గ్రహణం వల్లేనని అప్పుడే అత్త చెప్పింది. తొమ్మిదేళ్ళయింది. ఆ రోజు నుంచి అత్తతో ఆమె నవ్వుతూ మాట్లాడింది లేదు.

కూతుర్ని రెక్క పట్టుకుని వరండాలోకి తీసుకొచ్చింది. “ఎల్లి కుళాయికాడ నీళ్ళు తాగిరా,” అని పంపేసి, మూల కూర్చున్న రాజులమ్మ ముందు నిలబడింది.

“గ్రహణం కాదట. కాలిందట. ఎవరు కాల్చినారత్తా?”

రాజులమ్మ గభాల్న లేచింది. “ఇంటికెల్లి మాటాడుకుందారి.”

“ఇక్కడే సెప్పు. నాకు ఒళ్ళు తెలీని వారం రోజులూ పాప నీ సేతిలోనే ఉంది.”

లైన్లో జనమంతా ఇటు తిరిగారు. రాజులమ్మ కోడలి కళ్ళలోకి చూసింది. తర్వాత తల దించుకుంది.

“నానేనమ్మా. ఏమరుపాటున కుంపటి తగిలింది.”

“అందుకేనా ఇక్కడికి వద్దన్నావు? ఇంక నా కూతుర్ని ముట్టుకోకు. నా ఇంట్లో ఉండకు. పాడేరెల్లి నీ సిన్నకొడుకు దగ్గరుండు.”

“అలాగేనమ్మా,” అంది రాజులమ్మ. గోడ పట్టుకుని మెట్లు దిగి, జీపులు ఆగేచోటు వైపు నడిచింది.

గుమ్మంలో నిలబడి పేర్లు పిలుస్తున్న ఆయా చిన్నమ్మి అంతా వింది. చేతిలో పుస్తకం బల్ల మీద పడేసి దగ్గరికొచ్చింది. పావని పుట్టినప్పుడు పురుడు పోసింది ఆమే.

“ఆ ముసలమ్మని అన్నేసి మాటలు అనకమ్మా.”

“అంటే నీకూ తెలుసన్నమాట. నువ్వూ దాచినావు.”

“దాచమని నా సేత ఒట్టేయించుకుంది. అప్పుడు గ్రహణమని తన మీదేసుకుంది. ఇప్పుడు కాల్చేనని ఏసుకుంది. ఇంకెన్నని మోస్తాదమ్మా?”

“మరి ఎవరు కాల్చినారు?”

చిన్నమ్మి కుళాయి దగ్గరున్న పావని వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించింది.

“జొరం మత్తులో గుంటని ఎత్తుకుని లేచి, కుంపటి మీద తూలి పడింది నువ్వమ్మా.”