పూయని చిక్కుడు పాదు

"మరి నేనేం చెయ్యాలి మావా?" అని చిక్కుడు పాదు మళ్ళీ కప్పని అడిగింది. పందిరంతా అల్లుకుంది గానీ దానికి ఒక్క పువ్వూ లేదు. రేపటికి పూత రాకపోతే పీకేసి పాలకూర చల్లుతానని ఇంటావిడ సూరమ్మ అనేసి పోయింది మరి.

"నీళ్ళు బాగా తాగవే," అంది కప్ప.

"తాగకే పిల్లా! తాగి తాగే ఇలా ఆకులేసుకుని కూర్చున్నావు," అంది కోడి.

పాపం, చిక్కుడు కాసేపు తాగింది, కాసేపు మానేసింది. ఏమీ తోచలేదు దానికి.

ఆ తెల్లారుజామున మొదటిసారి మంచు పడింది. కొడవలి పట్టుకొచ్చిన సూరమ్మ ఊదారంగు మొగ్గలు చూసి, కొడవలి పక్కన పడేసింది.

"ఏం చేశావే?" అంది కోడి.

చిక్కుడు బిత్తరపోయి ఇలా అంది: "ఏమో పిన్నీ, నేనేం చెయ్యలేదు. చలేసింది, అంతే."