తెగులు పూసినవాడు

మేకకు గడ్డి కోసమని గంప పట్టుకుని గట్టు దిగిన రున్‌లియెన్ అక్కడే నిలబడిపోయింది.

పొలం మూలన, కిందటి శరదృతువులో పట్నం నుంచి దిగబడిన ముసలాయన ఉన్నాడు. తుప్పు తెగులు సోకిన గోధుమ ఆకును తడివేళ్ల మధ్య నలిపి, దాని పసుపు పొడిని ఏపుగా ఉన్న మొక్కలకు పూస్తున్నాడు.

పసిపిల్లకు నూనె రాసినంత ఓపికగా.

"ఏం చేస్తున్నావు తాతా?"

"జబ్బు అంటిస్తున్నానమ్మా. ఏది తట్టుకుంటుందో తెలియాలిగా," అన్నాడు కౌ, తలెత్తకుండా.

ఆమె గంప పారేసి ఊళ్లోకి పరుగెత్తింది.

కాసేపట్లో ఊరి సేద్యపు జట్టు పెద్ద తాంగ్ సగం ఊరిని వెంటేసుకుని వచ్చాడు.

ఆ రోజుల్లో చైనాలో చదువుకున్నవాళ్లను శిక్ష మీద పల్లెలకు తోలుతున్నారు. కౌ కూడా అలా వచ్చినవాడేనని అందరూ అనుకున్నారు. ఎవరూ అడగలేదు.

"నాలుగు నెలలు మంచులో కాపాడుకున్న పైరు. జూన్‌లో మా పిల్లలు తినాల్సిన రొట్టె. దానికి తెగులు పెడతావా?" అన్నాడు తాంగ్.

"నేను పూసింది నాకిచ్చిన మడికే. తెగులు గాలికి వస్తుందయ్యా. పడమటి కొండల్లో ఇప్పటికే దిగింది."

"గాలి మీదకు నెడుతున్నాడు. విషం కాదంటావా? అయితే నాకి చూపించు," అన్నాడు తాంగ్.

కౌ కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. అరచేతిలోని పొడిని నాకాడు.

"ఉప్పు సరిపోయిందా తాతా?" అంది రున్‌లియెన్.

జనం పగలబడి నవ్వారు. తన మాటకు అంతమంది నవ్వడం ఆమె ఎప్పుడూ ఎరగని సంగతి.

మడిలోకి దిగి పీకడం మొదలుపెట్టారు. కౌ ఊరుకున్నాడు. వాళ్లు మధ్య వరుస దాకా వచ్చేసరికి మోకాళ్ల మీద పడ్డాడు.

"ఈ ఎనిమిదీ వదిలెయ్యండి. మూడుసార్లు పూశాను, అంటలేదు. మిగతావన్నీ తగలబెట్టుకోండి."

"పచ్చగా ఉన్న ఈ ఎనిమిదీ తగలబెట్టడం దేనికి? మా మేక తింటుంది," అంది రున్‌లియెన్.

మేకను అక్కడికే తోలుకొచ్చింది. అది నమిలినంతసేపూ ముసలాయన చూస్తూ కూర్చున్నాడు.

ఆ సాయంత్రమే ఆయన పడుకునే కంచరగాడిదల కొట్టానికి తాళం పడింది. చలివానలో తడుస్తూ పట్నం దారి పట్టాడు.

ఇరవై రోజులకు ఊరి గోధుమంతా పసుపు కమ్మింది. పొలంలో నడిస్తే లాగులు మోకాళ్ల దాకా పసుపయ్యేవి.

"పోతూ పోతూ మట్టుబెట్టాడు," అని తిట్టుకున్నారు.

మే నెలలో జిల్లా వ్యవసాయ కచేరీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది.

"మీ ఊరొక్కటే కాదు. వెయ్ నదికి ఇవతల ఏడు తాలూకాలు పోయాయి. గాలికి వచ్చింది. కౌ గారి మడి ఎక్కడ? తెగులు అంటని మొక్కలు ఎనిమిది దొరికాయని రాశారు. ఇక మనకు విత్తనం అంటూ ఉంటే వాటి నుంచే."

అందరూ రున్‌లియెన్ వైపు చూశారు.

"మా మేక తినేసింది," అంది ఆమె.

ఆ అమ్మాయికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"ఆయన్నే మళ్లీ పంపండి. ఇంకో ఎనిమిది చేస్తాడు," అన్నాడు తాంగ్.

"వానలో తడిసి, ఒళ్లు తెలియని జ్వరంతో వచ్చారు. రొమ్ము పట్టేసింది. మూడో రోజున పోయారు."

"శిక్ష మీద వచ్చినవాడు కదా అని మేం..."

"శిక్షేమిటి?"

అమ్మాయి సంచిలోంచి ఒక కాగితం తీసి చూపింది.

రున్‌లియెన్‌కు చదువు రాదు. కానీ అడుగున ఉన్న ఎర్రటి వేలిముద్రల్లో, నూడుల్స్ తరిగే కత్తి గాటు అడ్డంగా పడ్డది తనదేనని గుర్తుపట్టింది. మా గోధుమ చచ్చిపోతోంది, కాపాడే మనిషినొకరిని పంపండని రెండేళ్ల కిందట ఊరంతా కలిసి పెట్టుకున్న అర్జీ అది. అది చదివి, ఎవరూ పొమ్మనకుండానే నేను వెళ్తానని బయలుదేరినవాడు కౌ.