పన్నెండో దారి

“గోడ ఎన్ని అడుగులు?” అడిగాడు శ్రీహరిరావు.

అమృత రెండేళ్ళు కూర్చుని నవల రాసింది గానీ, అందులోని గోడను కొలవాలని తట్టలేదు.

“పదడుగులు అనుకుందాం సార్.”

“పది చాలదమ్మా. పద్నాలుగు వేద్దాం. పైన గాజుపెంకులు. గదికి ఎంతమంది?”

“నలుగురు.”

“మరీ దయ చూపించినట్టుంటుంది. పదహారు చేయండి.”

అమృత మురిసిపోయింది. ఎడిటింగ్ అంటే ఇదీ!

అది తొంభై ఎనిమిది వేసవి. ఛత్తా బజార్లో పెంటయ్య ప్రెస్సు. చుట్టూ ఆరబెట్టిన శుభలేఖలు, మధ్యలో రెండు ఇనుప కుర్చీలు. అమృత వాళ్ళది లాడ్ బజార్లో తాతలనాటి గాజుల కొట్టు. పిల్లకు ఇరవై మూడేళ్ళు. ప్రేమించిన అనుభవం సున్నా. అయినా బేరాలు లేని మధ్యాహ్నాలన్నీ కొట్లో కూర్చుని ప్రేమ నవల రాసేసింది. అదీ అలాంటిలాంటిది కాదు, రెండువేల యాభైలో జరిగేది.

ఆ కాలంలో ఈడొచ్చిన పిల్లలందరినీ ఒక కోటలో వేసి తాళం పెడతారు. పేర్లుండవు, నంబర్లే. గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి. నవ్వితే శిక్ష. ఇంటినుంచి వచ్చిన ఉత్తరం విప్పి చదివాకే చేతికిస్తారు. అబ్బాయిల మెట్లు వేరు, అమ్మాయిల మెట్లు వేరు. అలాంటి చోట నూట నాలుగు అనే అబ్బాయి, రెండు వందల పదకొండు అనే అమ్మాయి ప్రేమించుకుంటారు.

“ఇది లవ్ స్టోరీనా, ఎక్కాల బుక్కా బిడ్డా?” అన్నాడు పెంటయ్య మొదటిసారి చూసి.

కోఠీలో ముగ్గురు ప్రచురణకర్తలు తిప్పి పంపారు. ఇంత ఘోరమైన చోటు ఎక్కడైనా ఉంటుందా, నమ్మేలా లేదు పొమ్మన్నారు. అమృత ఏడ్చి ఏడ్చి, కాగితాల కట్ట పెంటయ్య బల్ల మీద పడేసి పోయింది. నాలుగో రోజున పెంటయ్యే కొట్టుకు పరిగెత్తుకొచ్చాడు.

“ఓ సారు అచ్చు పని మీద వచ్చి నీ కాయితాలు మొత్తం చదివిండు. మస్తు ఖుషీ అయిండు. ఖర్చంతా ఆయనదేనంట. పదివేల కాపీలు!”

పదివేలు! తెలుగులో కొత్త రచయిత్రికి పదివేలంటే మాటలా? అమృతకు రెండు రోజులు అన్నం సహించలేదు. ఆమెది ఒకటే పట్టుదల. ఏం మార్చినా సరే, చివరి పేజీలో ఆ ఇద్దరూ కోట దాటి బయటపడాలి.

ఆ సారు శ్రీహరిరావుది బెజవాడ వైపు. తెల్లచొక్కా, జేబులో ఎర్ర పెన్ను. మర్యాదగల మనిషి. ఎవరినీ కసరడు, కోసేస్తాడంతే.

“ప్రేమ తగ్గించండి. ఇది పిల్లలు చదివేది కాదు, తల్లిదండ్రులు చదివేది. జడుసుకుంటారు.”

తగ్గించింది. ముద్దు కాస్తా చూపయింది. చూపు కాస్తా దగ్గయింది. గోడకు అటు నూట నాలుగు దగ్గితే, ఇటు రెండు వందల పదకొండు దగ్గుతుంది. అదే ప్రేమ.

“దగ్గెందుకమ్మా? కషాయం పట్టించండి.”

దగ్గూ పోయింది. అమృతకు ఏడుపు ముంచుకొచ్చింది.

“అన్నీ తీసేస్త సార్. పారిపోయేది మాత్రం తియ్యనంటే తియ్యను.”

“అయ్యో, తియ్యమని ఎవరన్నారు? అదే ముఖ్యం. ఎలా పారిపోతారో విడమర్చి రాయండి. ఒక్క దారి కూడా వదలొద్దు.”

ఇలాంటి మనిషినా మనసులో తిట్టుకున్నది అని అమృత లెంపలేసుకుంది.

ఇక రాయడమే రాయడం. ప్రేమికులు స్నానాల గది వెంటిలేటర్లోంచి దూరారు. ఆయన చువ్వలు పెట్టించాడు. నీళ్ళ పైపు పట్టుకుని దిగారు. ఆయన పైపుకు ముళ్ళతీగ చుట్టించాడు. పాల వ్యాన్లో నక్కారు. ఆయన వ్యానును గేటు బయటే ఆపించాడు. నాయనమ్మ పోయిందని టెలిగ్రాం తెప్పించుకున్నారు. (రెండువేల యాభైలో టెలిగ్రామేమిటని అడక్కండి, పిల్ల ఊహ అంతవరకే పోయింది.)

“ఎవరికి ఎంతమంది నాయనమ్మలున్నారో ముందే రాయించి పెట్టుకుంటే సరి,” అన్నాడాయన.

పదకొండు దారులు రాసింది. పదకొండూ మూసేశాడు. ఒక కథను ఇంత పట్టుగా చదివేవాణ్ణి అమృత పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఆమెకూ కసి పుట్టింది. మూడు రోజులు కొట్టుకు పోలేదు. నాలుగో రోజు పన్నెండో దారి తెచ్చింది. ప్రతి సోమవారం మాసిన బట్టల మూటలు బండిలో బయటికి పోతాయి. ఒక మూటలో అతను, ఇంకో మూటలో ఆమె.

శ్రీహరిరావు కళ్ళజోడు తీశాడు. తుడిచి పెట్టుకుని ఇంకోసారి చదివాడు.

“ఇది నాకు తట్టనే లేదమ్మా,” అన్నాడు. ఆ పేజీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. “మీరు చేసిన మేలు మరిచిపోను.”

అమృతకు కళ్ళనీళ్ళు తిరిగాయి. గెలిచింది! ఇద్దరూ బయటపడ్డారు!

జూన్ మొదటి ఆదివారం, దబీర్‌పురా స్టేషన్ దగ్గరి ఫంక్షన్ హాల్లో ఆవిష్కరణ. అమృత పట్టుచీర కట్టుకుని పోయేసరికి లోపల కాలు పెట్టే జాగా లేదు. కుర్చీలు చాలక జనం మెట్ల మీద, కిటికీల్లో. అందరి చేతుల్లోనూ పుస్తకమే. ఒక్కటీ మిగల్లేదు, రాసినామెకు కూడా. వేదిక మీదినుంచి శ్రీహరిరావు చెయ్యెత్తి చూపించాడు.

“ఇదంతా రాసింది ఈ అమ్మాయే!”

తలలన్నీ ఇటు తిరిగాయి. నాగమణమ్మ అనే ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ జనాన్ని తోసుకొచ్చి అమృత రెండు చేతులూ పట్టుకుంది. ఆ పల్చటి పుస్తకాన్ని నిలబడ్డచోటే మొత్తం చదివేసిందట. మొట్టమొదటి పాఠకురాలు! అడగాల్సింది ఒకటే.

“ఆఖరికి పిల్లలు బయటపడ్డరా అమ్మా?”

“ఏడ పడ్తరు బిడ్డా, చీమ గూడ దాటకుంట ఎంత మంచిగ కట్టిండ్రు, గందుకే నీ కాళ్ళు మొక్కుత, ఆ సారుకు జర చెప్పి ఆయన పెట్టిన గీ కాలేజీల మా కీర్తిప్రియకు ఒక్క బైపీసీ సీటు ఇప్పియ్యి!”